ఉచిత సలహాతో జాగ్రత్త

‘ఉచిత సలహా’ అన్న మాటకు మన భాషలో ఎంత గౌరవం ఉందో అందరికీ తెలుసు. అడగకుండా ఇచ్చేది, ఇచ్చేవాడికి పైసా ఖర్చు లేనిది, పుచ్చుకున్నవాడు వెంటనే మరిచిపోదగ్గది. అలాంటి మాటను బ్రిటన్‌లో అప్పులపాలైనవాళ్ళకు వరప్రసాదంలా ప్రచారం చేస్తున్నారు. ఆ ప్రచారానికి లొంగిపోయిన అభాగ్యుల్లో నేనూ ఒకణ్ణి కాబట్టి, నా పతనం ఎలా జరిగిందో చెప్పడం నా బాధ్యత.

2012 నాటికి నాలుగు క్రెడిట్ కార్డులు, ఒక బ్యాంకు రుణం కలిపి నా అప్పు 14,400 పౌండ్లు. చెల్లెలి పెళ్ళి కొంత, హైదరాబాదు శివార్లలో పునాది దగ్గరే ఆగిపోయిన ఫ్లాటు కొంత. మిగతాది ఎలా అయిందో నాకే అంతుపట్టలేదు. వేంకటేశ్వరుడంతటివాడే పెళ్ళికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని సర్దిచెప్పుకున్నాను. ఆయనకు హుండీ ఉంది, నాకు జీతం ఉంది. తేడా అల్లా, ఆయన మధ్యలో ఏ కంపెనీనీ పెట్టుకోలేదు. నేను పెట్టుకున్నాను.

ఇలా మధ్యలో ఒకరిని పెట్టుకుని అప్పు తీర్చడాన్ని అక్కడ ‘డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్’ అంటారు. నెలనెలా మనం భరించగలిగినంత ఒకేచోట కడితే, వాళ్ళు దాన్ని అప్పులవాళ్ళందరికీ వంతులవారీగా పంచి, వడ్డీ ఆపమని మన తరఫున ఉత్తరాలు రాస్తారు. అది చట్టం వేసిన ముడి కాదు. బ్యాంకులకు దయ కలిగితే వడ్డీ ఆగుతుంది, లేకపోతే లేదు. అదృష్టవశాత్తూ నా బ్యాంకులకు దయ కలిగింది.

నా కంపెనీ చాలా పెద్దమనుషుల కంపెనీ. నేను నెలకు 200 పౌండ్లు కట్టాలి. మొదటి రెండు నెలల సొమ్మూ ‘ఏర్పాటు రుసుము’ కింద వాళ్ళకే. ఆ తర్వాత ప్రతినెలా 36 పౌండ్లు వాళ్ళకు, 164 అప్పులవాళ్ళకు. రెండు పిల్లుల రొట్టె తగవు తీర్చడానికి వచ్చిన కోతి కథ చిన్నప్పుడు విని నవ్వుకున్నాం. అది బుద్ధి తక్కువ కోతి, ఒక్క పూట ఫలహారంతో సరిపెట్టుకుంది. నెలనెలా రొట్టె తెచ్చిచ్చే పిల్లి దొరికితే ఏం చేయాలో దానికి తెలియదు.

ఆ 36 పౌండ్లకు ఏం వచ్చిందని అడుగుతారు, లెక్కలు తప్ప మర్యాద తెలియనివాళ్ళు. మందపాటి కాగితం మీద ఉత్తరాలు వచ్చాయి. దీపావళికి శుభాకాంక్షల కార్డు వచ్చింది. అన్నిటికన్నా మించి, నాకంటూ ఒక కేసు మేనేజరు ఉండేవాడు. నలుగురిలో ఫోను మోగితే ‘మా ఫైనాన్స్ వాళ్ళు’ అని చెప్పి పక్కకు వెళ్ళేవాణ్ణి. ఎదుటివాళ్ళు నాకు ఎక్కడో పెట్టుబడులున్నాయనుకునేవారు. ఊరికే సాయం పొందితే దానం పట్టినట్టు, డబ్బిచ్చి పొందితే సేవలు వినియోగించుకున్నట్టు. ఈ తేడా తెలియకనే మా బావమరిది నా జీవితంలో వేలు పెట్టాడు.

“బావగారూ, మీ డబ్బు మీ అప్పులవాళ్ళకు పంపడానికి నెలకు ముప్ఫై ఆరు పౌండ్లా? ఆ పని ఊరికే చేసిపెట్టేవాళ్ళున్నారు” అన్నాడు ఒక ఆదివారం, ఫోనులో. మా ఆవిడ చెప్పి ఉంటుంది.

విచారిస్తే నిజమేనని తేలింది. లీడ్స్ నగరంలో 1993లో మొదలైన స్టెప్‌ఛేంజ్ అనే ధార్మిక సంస్థ ఇదే ప్లాను రుసుము లేకుండా నడుపుతుంది. పేప్లాన్ అనే మరో సంస్థా అంతే. నేషనల్ డెట్‌లైన్ అయితే 1987 నుంచీ ఫోనులో ఉచితంగా సలహాలు చెబుతోంది. మరి ఊరికే ప్లాను నడిపేవాళ్ళ జీతాలు ఎవరిస్తారు? ఎక్కువగా అప్పిచ్చిన బ్యాంకులే, తమకు వసూలైనదాన్నిబట్టి కొంత ఇస్తాయట. మన ఖాతాలో మాత్రం కట్టిన ప్రతి పౌండూ జమ అవుతుంది. అప్పిచ్చినవాడే వసూలు ఖర్చు కూడా పెట్టుకోవడం ఏ ధర్మశాస్త్రంలో ఉందో నాకు తెలియదు.

ఇంతలో ప్రభుత్వం కూడా బావమరిదితో చేతులు కలిపింది. 2014 ఏప్రిల్ 1న ఈ అప్పుల వ్యాపారం మీద అజమాయిషీ, అక్కడి ఆర్థిక సంస్థలను అదుపులో పెట్టే ఫైనాన్షియల్ కాండక్ట్ అథారిటీ చేతికి వెళ్ళింది. తేదీ చూసి వేళాకోళమనుకున్నాను. కట్టిన మొదటి సొమ్మంతా ముందుగా రుసుముకే మళ్ళించుకోకూడదట. ఉచిత సలహా దొరుకుతుందన్న సంగతి ఖాతాదారుకు కంపెనీయే చెప్పాలట. మిఠాయి కొట్టువాడు పక్కవీధిలో సంతర్పణ జరుగుతోందని బోర్డు కట్టాలన్నమాట. నా కంపెనీ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించి, ఆ ముక్క ఉత్తరం అడుగున చీమతలకాయంత అక్షరాల్లో వేసింది. మా ఆవిడ కళ్ళజోడు సవరించుకుని మరీ చదివింది. ఇక తప్పలేదు.

ఉచితం వాళ్ళకు ఫోను చేశాను. గంటసేపు అద్దె, కరెంటు, కౌన్సిల్ పన్ను, బస్సు ఛార్జీలు, క్షవరం, అన్నీ అడిగింది ఆ అమ్మాయి. భారతదేశంలో ఎవరికైనా డబ్బు పంపుతారా అని కూడా అడిగింది. ఈ ప్రశ్న నా కంపెనీ రెండేళ్ళలో ఒక్కసారీ అడగలేదు, అంతటి సంస్కారం వాళ్ళది. అమ్మకు మందులకు పంపేది కూడా చెప్పాల్సి వచ్చింది. చెబుతున్నప్పుడు ఎందుకో గొంతు సరిగ్గా పలకలేదు. ఆ అమ్మాయి కాసేపు ఆగి, “మీరు తిండికి రాసిన డబ్బుతో నలుగురు ఎలా తింటున్నారు?” అంది. అది నేను రాసిన అంకె కాదు. 200 పౌండ్లు ఎలాగైనా మిగలాలి కాబట్టి మా కంపెనీ వాళ్ళు చెక్కి చెక్కి తేల్చిన అంకె. రెండేళ్ళుగా మేము ఆ అంకెకు తగ్గట్టే పప్పులో నీళ్ళు పెంచుకుంటున్నాం.

తిండి పద్దు సవరించాక ఆమె నెలకు 180 కట్టమంది. 200 కడితే 164 చేరేది. 180 కడితే 180 చేరుతుంది. ఇలాంటి మొరటు లెక్కలతోనే మనుషులను చెడగొడతారు. రెండేళ్ళలో కంపెనీకి ముట్టింది 1,192 పౌండ్లు. అప్పు ఇంకా 10,792 ఉంది. పాత పద్ధతిలో అయిదున్నరేళ్ళు పట్టేది, కొత్త పద్ధతిలో అయిదేళ్ళు చాలు, పైగా కూరలో కూర ఉంటుంది.

వదిలి రావడం ఇంకా అవమానకరం, ఎందుకంటే అది చాలా తేలిక. మానేస్తున్నానని కంపెనీకి ఒక ఉత్తరం, ఎవరికి ఎంత పంపారో లెక్క ఇవ్వమని అందులోనే ఒక వాక్యం, నెలనెలా డబ్బు పంపే ఆదేశం రద్దు చేయమని బ్యాంకుకు ఒక మాట. అంతే. పెద్దల పంచాయితీ లేదు, కన్నీళ్ళు లేవు. ఉన్నది ఒక్క ఫోను. మా కేసు మేనేజరు స్వయంగా చేశాడు. నా మీద అభిమానంతో రుసుము 20 పౌండ్లకు తగ్గిస్తామన్నాడు. నిజంగా కళ్ళు చెమర్చాయి. 20 పౌండ్లకే చేయగల పనికి రెండేళ్ళపాటు 36 తీసుకున్నారంటే, తగ్గిస్తే నేను చిన్నబుచ్చుకుంటానని కాక మరేమిటి?

2019లో అప్పు తీరింది. తీరిందని సన్నటి కాగితం మీద ఒక ఉత్తరం వచ్చింది. ఆ అయిదేళ్ళలో ఒక్క దీపావళికీ కార్డు రాలేదు.

ఉచితమన్నది మాత్రం పచ్చి అబద్ధం. దాని రుసుము ఇప్పటికీ కడుతూనే ఉన్నాను. ఒకసారి తన మాట నెగ్గాక బావమరిది ఆగలేదు. ప్రతి ఆదివారం ఫోను చేసి పిల్లల చదువు గురించీ, గోడల రంగు గురించీ, ఆ ఫ్లాటు పునాది గురించీ చెబుతాడు. కాదనడానికి నాకు నోరు లేదు. పోయిన ఆదివారం, మోకాళ్ళ నొప్పులకు రాత్రిపూట మెంతులు నానబెట్టుకుని పొద్దున్నే తాగమన్నాడు.

నానబెట్టాను.