వర్ణనాతీతం గారికి ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ వర్ణనాతీతం గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. మీ క్షేమం ఎటువంటిదో మాటల్లో చెప్పడం ఎలాగూ కుదరదు కాబట్టి అడగడం లేదు.

మిమ్మల్ని చిన్నప్పటి నుంచి ఎరుగుదును. జిల్లా పేజీలో వరద బాధితుల కష్టాలు మీరే, పక్క కాలమ్‌లో రథోత్సవం చూసిన భక్తుల ఆనందమూ మీరే. వార్త పంపే వేళ మించిపోతున్న విలేకరిని ఆదుకునేది మీరే. పొట్టకూటి కోసం రెండు షిఫ్టులు చేసేవారిని తప్పు పట్టను. నా గొడవ వేరు. మా మేనల్లుడు పాత ఇంగ్లీషు వియర్డ్ కథలు, అంటే అంతుపట్టని వింత భయం పుట్టించే కథలు, చదువుతానని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగాడు. వాడు మొదటి పేజీ తిప్పేలోపే మీరు ఎదురవుతారని నా భయం. నాకు అలాగే ఎదురయ్యారు.

నేను చేసిన తప్పు చెబుతాను. ఈ కథలంటే అమెరికా రచయిత లవ్‌క్రాఫ్ట్ అన్నారు కదా అని దిండంత లావున్న ఆయన సంపుటం కొని, రాసిన తేదీల వరుసలో మొదటి కథ నుంచి పట్టాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ మూసేశాను. ఎక్కడ తెరిచినా మీరు, లేదంటే మీ బంధువర్గం: చెప్పనలవికానిది, పేరు పెట్టరానిది, ఊహకందనిది. కథానాయకుడు అర్ధరాత్రి నేలమాళిగలోకి దిగుతాడు. తలుపు తోస్తాడు. చూస్తాడు. ఏం చూశావయ్యా అంటే మూర్ఛపోతాడు. పుస్తకానికి డబ్బులిచ్చింది నేను, చూసింది ఆయన, తీరా చెప్పవలసిన చోట మీరు వచ్చి తెర దించేస్తారు.

పోనీ ఆ రచయితకు వర్ణించడం చేతకాదా అంటే, అదీ కాదు. 1928లో ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో వచ్చిన, క్తుల్హూ అనే రాక్షస దేవుడి కథలో ముందు ఒక చిన్న విగ్రహం కనిపిస్తుంది. ఆక్టోపస్ లాంటి తల, పొలుసుల ఒళ్ళు, పెద్ద పెద్ద గోళ్ళు, సన్నటి పొడవాటి రెక్కలు, అన్నీ శుభ్రంగా చెప్పాడు. తీరా ఆ విగ్రహానికి అసలు రూపం సముద్రంలోంచి లేచి వచ్చేసరికి, దీన్ని చెప్పడానికి భాషే లేదంటూ మీకు బాధ్యతలు అప్పగించాడు. అదే మనిషి 1934లో తన చేత్తోనే దాని బొమ్మ గీశాడు! పీఠం మీద మోకాళ్ళు ముడుచుకుని, ఏదో ఆలోచనలో ఉన్నట్టు కూర్చుని ఉంటుంది పాపం. ఇక 1936లో అచ్చయిన అంటార్కిటికా నవలలో మంచు కింద దొరికిన జీవుల పీపా లాంటి మొండెం ఆరడుగుల పొడవు, నడుమ దగ్గర మూడున్నర అడుగుల వ్యాసం. పెళ్ళి జాకెట్టు కుట్టే దర్జీ కూడా అంత జాగ్రత్తగా కొలతలు తీసుకోడు.

మీ మీద ఫిర్యాదు చేసినవారిలో నేను మొదటివాణ్ణి కాను, ఆ గౌరవం కూడా లవ్‌క్రాఫ్ట్‌దే. 1925లో అచ్చయిన ‘ది అన్‌నేమబుల్’ కథలో ఒక పాత సమాధి మీద కూర్చుని ఇద్దరు స్నేహితులు వాదించుకుంటారు. కార్టర్ కథలు రాస్తాడు, మాంటన్ హైస్కూలు ప్రిన్సిపాలు. పేరు పెట్టలేనిది, చెప్పలేనిది అంటూ రాయడం చిన్నపిల్లల చేష్ట, నీ స్థాయికి తగ్గట్టే ఉంది అని మాంటన్ దులిపేస్తాడు. చీకటి పడుతుంది. ఏదో మీద పడుతుంది. ఇద్దరూ ఆసుపత్రిలో కళ్ళు తెరిచాక, ఏమిటది అని కార్టర్ అడిగితే, ప్రిన్సిపాలు గారు జిగురు, బురద, వెయ్యి రూపాలు అని ఏవేవో చెప్పబోయి, చివరికి ఏ మాటను వెక్కిరించాడో ఆ మాటే అంటాడు. తన జబ్బేమిటో తనకు తెలిసి, దాని మీద జోకు వేసి, మందు మాత్రం వేసుకోకుండా వెళ్ళిపోయిన మనిషి!

ఒకచోట మాత్రం మిమ్మల్ని నవ్వుతూ వదిలిపెట్టలేను. బ్రూక్లిన్ నేపథ్యంగా రాసిన ‘రెడ్ హుక్’ కథలో ఆయన అసహ్యమంతా రాక్షసుల మీద కాదు, పొట్ట చేతపట్టుకుని ఓడ దిగిన వలసజనం మీద. అక్కడ మీ బంధువర్గం చేసిన పని మనుషులకు ముఖాలు లేకుండా చేయడం. ఆయన లెక్కలో నేనూ ఆ గుంపులోని వాణ్ణే. మేనల్లుడికి ఆ కథ ఇస్తాను, కాని మొదట కాదు, ఈ సంగతి చెప్పకుండా అసలే కాదు.

మరి మొదట ఏది? ఇంగ్లండు రచయిత బ్లాక్‌వుడ్ రాసిన ‘ది విల్లోస్’. 1907 నాటిది. దీన్ని లవ్‌క్రాఫ్టే నెత్తిన పెట్టుకున్నాడు. ఇద్దరు మిత్రులు చిన్న పడవలో డాన్యూబ్ నదిలో పోతుంటారు. వియన్నా దాటాక, బుడాపెస్ట్ ఇంకా రాకముందు, వరద నీటి మధ్య ఒక ఇసుక దిబ్బ మీద గుడారం వేస్తారు. చుట్టూ విల్లో అనే చెట్ల పొదలు తప్ప ఏమీ లేవు. రాత్రంతా గాలి. తెల్లారి చూస్తే దిబ్బ కాస్త చిన్నదైంది. పొదలు రాత్రి ఉన్నచోటు కన్నా గుడారానికి దగ్గరగా ఉన్నట్టున్నాయి. రెండు తెడ్లలో ఒకటి లేదు. ఉన్నదాన్ని ఎవరో పని కట్టుకుని అరగదీసినట్టు పలచబడింది. పడవ అడుగున చీలిక. ఇసుకలో గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు. అంతే! చూడండి, తెడ్డు, పడవ, గుంట: ఒక్కటైనా వర్ణించలేనిది ఉందా? మా గోదావరి లంకల్లో పడవ నడిపేవాడెవడైనా ఆ తెడ్డును చూసిన క్షణానే గుడారం పీకేస్తాడు. ఏది చేసిందో బ్లాక్‌వుడ్ చెప్పడు. కాని అది చేసిన పనిని మాత్రం పంచనామా రాసినట్టు రాస్తాడు. మీ కొలువు అక్కడ ఖాళీయే, ఎవరికీ లోటు తెలియలేదు.

ఇంగ్లండులో దయ్యాల కథలు రాసిన ఎం.ఆర్. జేమ్స్ కూడా మిమ్మల్ని గడప తొక్కనివ్వలేదు. 1904 నాటి ఆయన సంపుటంలోని ఒక కథలో, తనకు దొరికిన పాత ఈల ఊదిన ప్రొఫెసరు గదిలోని రెండో మంచం మీదినుంచి లేచినదానికి ముఖం నలిగిన దుప్పటి. ఆ మూడు మాటలతో ఎన్ని లాడ్జీల్లో నా నిద్ర చెడిందో మీకేం తెలుసు? అమెరికా రచయిత ఛేంబర్స్ రాసిన ‘ది కింగ్ ఇన్ యెల్లో’ మొదటి నాలుగు కథలు చదివి ఆపమంటాను, ఆ తర్వాతివి వేరే దారి పట్టి చివరికి పారిస్ ప్రేమల్లోకి పోతాయి.

న్యాయం న్యాయమే కాబట్టి, మీరు నిజాయితీగా పనిచేసిన లవ్‌క్రాఫ్ట్ కథ కూడా చెప్పాలి. ‘ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్’, 1927. ఒక రైతు నూతి దగ్గర ఉల్క పడుతుంది. దానిలోని రంగు మనకు తెలిసిన ఏ రంగూ కాదు, వర్ణపటంలోనే లేదు. ‘వర్ణం’ అంటే మనకు రంగు కూడా కదా, అందుకే మీ పేరు ఆ ఒక్క కథకు అక్షరాలా అతికింది! మిగతాదంతా ఆయన చక్కగా చెబుతాడు. పళ్ళు పెద్దవై చేదెక్కాయి, పశువులు బూడిద రంగుకు తిరిగి పెళుసెక్కాయి, ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే మతి తప్పారు. నూతి నీళ్ళు తాగుతూ కూడా కదలలేకపోయారు. ఏళ్ళ తర్వాత ఆ నేల మీద జలాశయం కట్టబోతుంటే, ఎవరేమిచ్చినా ఆ ఊరి కొత్త నీళ్ళు ముట్టనంటాడు సర్వే చేయడానికి వచ్చినవాడు.

మన దయ్యానికి ఒక పగ ఉంటుంది, చింతచెట్టు ఉంటుంది, ఆఖరికి నిమ్మకాయతో ఒక మంత్రగాడు వస్తాడు. ఆ రంగుకు రైతు మీద పగ కూడా లేదు. ‘పెంజీకటి కవ్వల’ వెలుగుతున్నవాణ్ణి పోతన గజేంద్రుడు పిలిస్తే, ఆయన సిరికిం జెప్పకుండా పరుగెత్తుకొచ్చాడు. వీళ్ళ కథల్లో ఆ చీకటి అవతల కూడా ఏదో ఉంది, కాని పిలుపు దానికి వినిపించదు. విన్నా పట్టదు.

కాబట్టి తమరు మేనల్లుడి దారిలోంచి ఆరు నెలలు తప్పుకోవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
మూడుసార్లు పుస్తకం మూసినవాడు

తా.క. ఈ ఉత్తరం అంటించకముందే రాత్రి ఒంటిగంటకు వాడి ఫోను. “మామయ్యా, విల్లోస్ అయిపోయింది. ఇసుకలో ఆ గుంటలు చేసింది ఏమిటి?” అన్నాడు. ఇంత రాసినవాణ్ణి, జవాబు చెప్పబోయి నోరు తెరిస్తే మీరే వచ్చారు, మాంటన్ గారి నోటికి వచ్చినట్టు. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా, “మీ గదిలో లైటు వేసి ఉందా?” అని అడిగాడు. ఉంది.