గీటురాయి మీద రాజుగారి చెంప

మా తాత కూడబెట్టిన నాణేలకు, స్టాంపులకు ఇన్సూరెన్స్ చేయిద్దామన్న దుర్బుద్ధి పోయిన నెల పుట్టింది నాకు. ఏజెంటు మొదట అడిగింది కొన్న బిల్లు. 1835 నాటి ఈస్టిండియా కుంఫిణీ రూపాయికి! మా తాత ఎక్కడో పారేసి ఉంటాడని తల వంచుకుని ఒప్పుకున్నాను. "అయితే వాల్యుయేషన్ చేయిద్దాం సార్" అన్నాడు.

వచ్చినాయన బ్యాంకులో తాకట్టు నగలు చూసే అప్రైజర్. కాటా, గీటురాయి వెంట తెచ్చుకున్నాడు. నేను కాఫీ తెచ్చేలోపే ఆ రూపాయి మీదున్న నాలుగో విలియం రాజుగారి చెంపను రాయికేసి రుద్దేశాడు. "వెండే సార్. పదకొండున్నర గ్రాములు. తరుగు తీసి రాస్తా." గీత పడితే నాణెం ధర పడిపోతుందని నేను లబలబలాడుతుంటే, "పాలిష్ పెడితే పోతాదిలే సార్" అని ఓదార్చాడు. (పాలిష్ పెడితే ఉన్న ధర కూడా పోతుంది.) తర్వాత 1948లో వచ్చిన గాంధీ పది రూపాయల స్టాంపును కాటా మీద పెట్టాడు. కాటా ఉలకలేదు, పలకలేదు. ఫ్యాన్ ఆపమన్నాడు. ఆపాం. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టాం. చివరికి స్టాంపును కంటి దగ్గర పెట్టుకుని, "పది రూపాయలని దీని మీదే రాసుంది గదా సార్, మళ్లీ నన్నెందుకు పిలిపిచ్చినారు?" అన్నాడు.

మామూలు అగ్నిప్రమాద పాలసీలో ఒక వాక్యం ఉంటుంది. పొదగని రత్నాలు, నాణేలు, స్టాంపులు, పేలుడు పదార్థాలు విడిగా రాయించుకుంటే తప్ప పరిహారం రాదట. అంటే మా కర్నూలు జిల్లా జొన్నగిరి చేలో దొరికిన వజ్రం, మా తాత రూపాయి, నాటుబాంబు అన్నీ ఒకే మూట. రాసినాయనది సీమే అయ్యుండాలి. భారత్ గృహ రక్ష అనే ఇంటి పాలసీలో విలువైన వస్తువులకు విడిగా కవర్ ఉంది, మొత్తం 5 లక్షలు, ఒక్కో వస్తువు లక్ష దాటకపోతే వాల్యుయేషన్ సర్టిఫికెట్టే అక్కర్లేదు అని చదివి వినిపించాను. "అవన్నీ హైదరాబాద్‌లో సార్" అన్నాడు ఏజెంటు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు కూడా నష్టం లెక్కగట్టడానికి ఒక ఇన్సూరెన్స్ సర్వేయర్ మా ఇంటికొచ్చాడు. టీవీ రాసుకున్నాడు, ఫ్రిజ్ రాసుకున్నాడు. తాత నలభై ఏళ్లు అతికించుకుంటూ వచ్చిన స్టాంపుల ఆల్బాన్ని చెప్పుకాలితో పక్కకు నెట్టి, "ఈ చిత్తుకాగితాలు తీసేయండి, కాలు జారుతోంది" అన్నాడు. కాలితో! దాన్ని ముట్టుకునే ముందు మా తాత చేతులు కడుక్కునేవాడు. మమ్మల్ని దగ్గరికే రానిచ్చేవాడు కాదు. వంగి చేత్తో తీయడానికి ఏం రోగమయ్యా నీకు?

ఆ ఆల్బం ఇప్పటికీ బీరువా కింద ఉంది. బురద ఎండి ఇటుకలా అయింది. అప్రైజర్ మళ్లీ వస్తే దాన్నే కాటా మీద పెడతాను. బరువు బాగానే ఉంది.