సవరణ: బాబ్‌వైట్ పిట్టలు తగ్గింది వేట వల్లే కాదు

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బాబ్‌వైట్ (మన కౌజు లాంటి పిట్ట) వేట వల్లే తగ్గిపోయిందని ముందు పోస్టులో ఉంది. ఆ వాక్యం తీసేశాను. అసలు దెబ్బ, తగిన చోటు లేకపోవడం.

తుపాకీ పేలని చోట కూడా వీటిలో ఎక్కువ భాగం ఏడాది తిరక్కుండానే చచ్చిపోతాయి. డేగలు, పాములు ఊరుకోవు కదా! మెడకు చిన్న రేడియో ట్రాన్స్‌మీటర్ కట్టి వెంబడిస్తే ఇదంతా తెలుస్తోంది. పిల్లలకు పురుగులు కావాలి, పైన గడ్డి చాటు, కింద పరిగెత్తడానికి ఖాళీ నేల కావాలి. గడ్డి చాపలా అల్లుకుపోతే బొటనవేలంత పిల్ల అందులో కదల్లేదు. అందుకే ఫ్లోరిడా, జార్జియా పైన్ అడవుల్లో రెండు మూడేళ్లకోసారి కింది గడ్డిని కావాలనే తగలబెడతారు.

అలాగని వేటకు క్లీన్ చిట్ ఇవ్వలేం. చలికాలం చివర్లో ఎక్కువగా వేటాడేస్తే ఆ ఏడాది గుడ్లు పెట్టాల్సిన పిట్టలే పోతాయి.