డబ్ల్యూఆర్ఎఫ్‌ని ఎవరికి వాళ్లే ఎందుకు ఇన్‌స్టాల్ చేసుకోవాలి?

ఈ మాట మా సీనియర్లకు నచ్చదని తెలుసు, అయినా రాస్తున్నా. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఉన్నదే ఒక సెమిస్టర్. అందులో బోలెడు కాలం ఉబుంటు లినక్స్ మీద వాతావరణ మోడల్ డబ్ల్యూఆర్ఎఫ్ ఎక్కించడానికే పోతోంది. ఇదేంటి సార్ అంటే "కష్టపడనీ, అప్పుడే పని వస్తుంది" అంటారు. ఏం వస్తోందో చూస్తూనే ఉన్నాం. ఎర్రర్ కనబడగానే గూగుల్‌లో దొరికిన కమాండ్‌కి ముందు సుడో (అడ్మిన్ అధికారం ఇచ్చే మాట) తగిలించి కొట్టడం వస్తోంది.

బరంపురం, పర్లాకిమిడి పిల్లలు ఈ మోడల్ వెంట ఊరికే పడరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మా గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి కొండల మీద కుమ్మరించింది. కొండచరియలు విరిగిపడి జనం పోయారు. మహేంద్రగిరి దాదాపు 1500 మీటర్ల ఎత్తు, పైగా సముద్రానికి దగ్గర. తేమగాలి ఆ కొండ ఎక్కితే ఏ వైపు ఎంత వాన పడుతుంది? మా పిల్లలు తలబద్దలు కొట్టుకోవాల్సింది దీని మీద. నాకు వచ్చే మెసేజ్ మాత్రం "అన్నా, నెట్‌సీడీఎఫ్ దొరకట్లేదంటోంది". అది మోడల్ తన డేటా ఫైళ్లు చదవడానికి, రాయడానికి వాడుకునే లైబ్రరీ.

మోడల్‌ని తిట్టడం లేదు. అమెరికాలో ఎన్‌కార్ అనే వాతావరణ పరిశోధన కేంద్రం, మరికొన్ని సంస్థలు కలిసి తయారుచేసి ఊరికే ఇచ్చారు. కాకపోతే డబుల్ క్లిక్ చేస్తే వచ్చే సరుకు కాదు. ఫోర్ట్రాన్ సోర్స్ కోడ్ తెచ్చుకుని మన మెషిన్ మీదే కంపైల్ చేసుకోవాలి, అంటే నడిచే ప్రోగ్రాంగా మార్చుకోవాలి. నెట్‌సీడీఎఫ్‌లో సీ లైబ్రరీ వేరు, ఫోర్ట్రాన్ లైబ్రరీ వేరు. ఉబుంటు వాటిని తన పద్ధతిలో తలో ఫోల్డర్‌లో సర్దుతుంది. డబ్ల్యూఆర్ఎఫ్ ఏమో రెండూ ఒకేచోట ఉండాలంటుంది.

అసలు కొంప ముంచేది అనకొండ, అదే పైథాన్ ప్యాకేజీల మూట. పైథాన్ కోసం ఎప్పుడో వేసుకున్నది టెర్మినల్ తెరవగానే తయారు. కాన్ఫిగర్ స్క్రిప్టు దాని నెట్‌సీడీఎఫ్‌ని పట్టుకుంటుంది, కంపైలర్ జీఫోర్ట్రాన్ మాత్రం ఉబుంటుది. పెళ్లికొడుకు ఒక ఊరి మండపంలో, పెళ్లికూతురు ఇంకో ఊరి మండపంలో! చాలాసేపు కంపైల్ అయ్యాక చూస్తే మోడల్‌ని నడిపే ఫైల్ డబ్ల్యూఆర్ఎఫ్ డాట్ ఎగ్జీ ఉండదు. కాండా డీయాక్టివేట్ చేసి (అనకొండని పక్కనపెట్టి), క్లీన్ మైనస్ ఏ కొట్టి పాతదంతా తుడిచి, మళ్లీ మొదటి నుంచి.

దీనికి తోడు చేతులు మారుతూ తిరిగే పాత ఇన్‌స్టలేషన్ పీడీఎఫ్ ఒకటి. జీఫోర్ట్రాన్ 10 నుంచి ఆర్గ్యుమెంట్ల టైపులు కలవకపోతే హెచ్చరికతో వదలదు, ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. పాత కోడ్‌కి అదనంగా ఒక ఫ్లాగ్ ఇవ్వాలి. గ్రిబ్2 (వాతావరణ డేటా వచ్చే ఫైల్ రకం) చదవడానికి కావలసిన జాస్పర్ లైబ్రరీ ఉబుంటు 18.04 నుంచే రిపాజిటరీలో లేదు. మోడల్‌కి ఇన్‌పుట్ సిద్ధంచేసే ప్రోగ్రాం డబ్ల్యూపీఎస్ 4.4 వచ్చాక గ్రిబ్2కి కావలసిన లైబ్రరీలన్నీ కాన్ఫిగర్ దగ్గరే కట్టించుకోవచ్చు. పీడీఎఫ్‌లో ఇవేవీ ఉండవు. పిల్లాడు ఎక్కడిదో పాత రిపాజిటరీ తెచ్చి కలిపి, ఉన్న సిస్టమ్‌ని కూడా పాడుచేసుకుంటాడు.

నేననేది ఒకటే. డిపార్ట్‌మెంట్‌లో ఒక మంచి మెషిన్ మీద ఒకసారి శుభ్రంగా కట్టండి, అందరికీ లాగిన్ ఇవ్వండి. ఎవరి రన్ ఫోల్డర్ వాళ్లది. ఆ కుదిరిన సెటప్‌ని డాకర్ ఇమేజ్‌గా (లైబ్రరీలతో సహా మొత్తం ఒకే మూటగా) దాచిపెడితే వచ్చే బ్యాచ్‌కీ పనికొస్తుంది.

"మరి రేపు సూపర్ కంప్యూటర్ దగ్గరికి వెళ్తే?" అంటారు. అక్కడ లైబ్రరీలు కట్టిపెట్టి ఉంచుతారు, మాడ్యూల్ లోడ్ అనే కమాండ్ కొడితే చాలు, వాడుకోవచ్చు. అంతగా నేర్పాలనుంటే కంపైల్ లాగ్ చదవడం నేర్పండి. అందరూ చివరి ఎర్రర్ పట్టుకుని వేలాడతారు, అసలు సంగతి మొదటి ఎర్రర్‌లో ఉంటుంది. మోడల్‌తోనే వచ్చే టూడీ కొండ ఉదాహరణతో మొదలుపెట్టించండి. దానికి డబ్ల్యూపీఎస్ అక్కర్లేదు, బయటి డేటా అక్కర్లేదు, గాలి కొండ దాటినప్పుడు ఏమవుతుందో మామూలు ల్యాప్‌టాప్ మీదే కనిపిస్తుంది. ఎంపీఐ (పనిని చాలా ప్రాసెసర్లకు పంచేది) లేకుండా సీరియల్‌గా కంపైల్ చేయాలి, అంతే.

అసలైన రన్‌లకు డబ్ల్యూపీఎస్ అడిగే భూతల డేటా డౌన్‌లోడ్‌కి 2.6 జీబీయే, విప్పితే 29 జీబీ అవుతుంది. చాలామంది డిస్క్ నిండేది అక్కడే. విప్పినది నా హార్డ్ డిస్క్‌లో ఉంది, బరంపురంలో ఉన్నవాళ్లు వచ్చి కాపీ చేసుకోండి. ఎర్రర్ వస్తే మాత్రం దయచేసి స్క్రీన్‌కి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి, లాగ్ ఫైల్ మొత్తం పంపండి.