'మీ రచన ఇక్కడ పంపండి' ఫారమ్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఫారమ్ గారి సముఖానికి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ తమ సర్వర్ కూడా క్షేమమేనని తలుస్తాను. 'సబ్మిట్' నొక్కాక తెర మీద ఆ చక్రం తిరిగిన తీరు చూసి కాస్త టెన్షన్ పడ్డాను, అందుకని అడుగుతున్నాను.

తమరిని ఎవరికి కావాల్సినట్టు వాళ్లు మలుచుకోవచ్చట కదా. కోడింగ్ రానక్కర్లేదట. గడిని మౌసుతో పట్టి లాగి, నచ్చిన చోట వదిలితే చాలట. దాని పేరు మార్చుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు, పక్కన ఎర్ర నక్షత్రం పెట్టి తప్పనిసరి చెయ్యొచ్చు. ఇంత స్వేచ్ఛ చేతికొస్తే వెబ్ పత్రికలు నడిపే మనవాళ్లు ఏం చేశారు? గడులు పెంచారు.

పూర్వం పత్రికకు కథ పంపాలంటే నియమాలు నాలుగైదుకు మించేవి కావు. కాగితానికి ఒకవైపే రాయాలి. నకలు దగ్గర ఉంచుకోవాలి. ఇది నా సొంతం, అనువాదమూ అనుకరణా కాదు, వేరెక్కడా పరిశీలనలో లేదు అని హామీపత్రం జతచెయ్యాలి. కథ తిరిగి కావాలంటే తగినన్ని స్టాంపులు అంటించి, సొంత చిరునామా రాసిన కవరు పెట్టాలి. అంతే. అదేదో స్వర్ణయుగమని నేను అనడం లేదు. పోస్టులో పోయిన కథలు పోయాయి, ఎడిటరు గారి బల్ల కింద చేరినవి చేరాయి. కానీ మన ఫోన్ నంబరు, ఊరు, వృత్తి, పుట్టిన తేదీ, ఫేస్‌బుక్ లింకు, 'మీ గురించి 50 పదాల్లో' ఇవన్నీ తేలితే తప్ప కథ మొదటి వాక్యం చదవం అని మాత్రం ఎవరూ అనలేదు. సంబంధం చూడ్డానికి వచ్చిన మేనత్త కూడా ఇన్ని అడగదండీ.

సరే, గడుల్లోకి దిగుదాం. మొదటిది 'ఫస్ట్ నేమ్', రెండోది 'లాస్ట్ నేమ్'. మాకు ఇంటిపేరు ముందొస్తుంది, పెట్టిన పేరు తర్వాత. ఉన్నది ఉన్నట్టు నింపితే తమరు పంపే మెయిల్ 'హాయ్' అని మా ఇంటిపేరును పలకరిస్తుంది, అంటే మా వంశం మొత్తానికీ ఒకేసారి నమస్కారం పెట్టినట్టు. పోనీ తిప్పి రాద్దామా అంటే, ఇంటిపేరుకు ఒక్క అక్షరమూ చుక్కా పెట్టుకునే అలవాటు మాది. 'కనీసం రెండు అక్షరాలు ఉండాలి' అని ఎర్రగా వస్తుంది. తాతల కాలం నుంచి ఒక్క అక్షరంతో నెట్టుకొచ్చాం, తమరి దగ్గర ఆగిపోయాం.

తర్వాతిది 'విభాగం'. బాణం గుర్తు నొక్కితే కథ, కవిత, వ్యాసం, ట్రావెల్, లైఫ్‌స్టైల్. వ్యంగ్యం లేదు. వ్యంగ్యం పంపేవాడు వెళ్లి 'అన్‌కేటగరైజ్డ్'లో కూర్చోవాలి. వెబ్ పత్రికలు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ పుట్టుకతో తెచ్చుకున్న విభాగం అది, పేరు మార్చుకోవడం రెండు నిమిషాల పని. తెలుగు పత్రికలో సగం సాహిత్యం ఆ ఇంగ్లీషు బోర్డు కిందే పడి ఉంటుంది.

ఇక సారాంశం గడి దగ్గర తమరితో నాకు అసలు తగాదా. '160 అక్షరాలకు మించరాదు' అన్నారు. బాగుంది, క్లుప్తత మంచిదే. కానీ ఆ లెక్క ఎవరు నేర్పారండీ తమరికి? 'స్త్రీ' అని ఒక్క అక్షరం రాశాను. తమరు 6 కొట్టేశారు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, దేనికదే విడివిడిగా! 'తెలుగు' అంటే మాకు మూడు, తమరికి ఆరు. తమ సోదరులు కొందరు ఇంకా ఘనులు, అక్షరాలు వదిలేసి బైట్లు లెక్కపెడతారు. అక్షరాలను కంప్యూటర్లో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు కాబట్టి వాళ్ల లెక్కలో స్త్రీ బరువు 18. ఇంగ్లీషులో రాసేవాడికి ఒక అక్షరానికి ఒక బైటు. ప్రపంచ లిపులన్నింటికీ కలిపి ఒకే సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లోకి తెలుగు 1991లోనే వచ్చేసింది. ఇన్నేళ్లయినా తమరు మా గుణింతాన్ని కిలోల లెక్కన తూస్తూనే ఉన్నారు.

పద్యం పంపినవాడి గతి మరీ దారుణం. మిత్రుడొకాయన ఆటవెలది పంపాడు. నాలుగు పాదాలూ ఒకదాని వెనక ఒకటి ఒకే వరుసలో వచ్చాయి, పాఠకుడు యతి ఎక్కడో తడుముకోవాల్సి వచ్చింది. ఎంటర్ నొక్కినవన్నీ తమరు మింగేశారని ఆయనకు ఆలస్యంగా తెలిసింది. పైగా 'వచన కవిత చాలా బాగుంది' అని మెచ్చుకోళ్లు. శీర్షిక తెలుగులో పెట్టాడు కదా, లింకులో ఒక్కో గుర్తూ తొమ్మిదేసి గుర్తులుగా, శాతాలతో అంకెలతో నిండిపోయింది. ఆయన దాన్ని వాట్సాప్‌లో బంధువులకు పంపితే, ఓటీపీ మోసమేమోనని ఎవరూ తెరవలేదు.

బొమ్మ కూడా తప్పనిసరి. అమ్మ పోయిన దుఃఖం మీద కవిత రాసినా ఒక బొమ్మ జతచెయ్యాల్సిందే, అదీ అడ్డంగా ఉండాల్సిందే, అదీ 2 ఎంబీ దాటకూడదు. ఫోనుతో తీసిన ఫొటో ఏదైనా ఆ హద్దు దాటేలాగే ఉంటుంది ఈ రోజుల్లో. తమరిని నడిపించే ప్రోగ్రామింగ్ భాష, తమ ఇంటి పెద్ద పీహెచ్‌పీ మొదట్లో పెట్టిన హద్దు అది. మార్చుకోవచ్చని ఆయనే చెప్పాడు, మార్చిన వాళ్లేరీ? అందుకే తెలుగు కవితలన్నింటికీ నెట్‌లో దొరికే అదే సూర్యాస్తమయం.

ఇన్ని చెప్పుకున్నాక నేను మనిషినేనని నిరూపించుకోవాలి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ పరీక్షకు 'క్యాప్చా' అని పేరు పెట్టారు. తర్వాత వచ్చి 2009లో గూగుల్ చేతికెళ్లిన రీక్యాప్చాలో జనం గుర్తుపట్టిన వంకర అక్షరాలు స్కాన్ చేసిన పాత పుస్తకాలవి, న్యూయార్క్ టైమ్స్ పాత సంచికలవి. మనిషినని ఋజువు చేసుకోబోయి ప్రపంచమంతా తెలియకుండానే వెట్టిచాకిరీ చేసిపెట్టింది. ఇప్పుడు అక్షరాలు పోయి బొమ్మలొచ్చాయి. 'ఫైర్ హైడ్రెంట్ ఉన్న గడులన్నీ ఎంచుకోండి' అంటారు. తెనాలిలో ఫైర్ హైడ్రెంట్ ఎక్కడుందండీ? నిప్పంటుకుంటే బకెట్లు పట్టుకుని పరిగెత్తే వాళ్లం. అమెరికా పేవ్‌మెంటు మీది నీళ్ల గొట్టాన్ని పోల్చుకోలేనివాడు తమ దృష్టిలో యంత్రం.

అది గట్టెక్కేసరికి 'సెషన్ ఎక్స్‌పైర్డ్'. రాసిందంతా గల్లంతు. ఆరా తీస్తే, పీహెచ్‌పీ మామూలుగా ఇచ్చే గడువు 1440 సెకన్లని తెలిసింది. అంటే 24 నిమిషాలు, అంటే సరిగ్గా ఒక ఘడియ! ఇంగ్లీషు తప్ప ఒక్క ముక్క రాని తమరు కాలాన్ని మాత్రం పంచాంగం ప్రకారం కొలుస్తున్నారన్నమాట. వర్జ్యం ఎప్పుడో కూడా పైన రాసి ఉంచితే చూసుకుని మొదలుపెడతాం.

చివర్లో ఒక టిక్కు, 'షరతులన్నీ చదివి ఒప్పుకుంటున్నాను' అని. నిజంగానే చదివాను. నా కథను 'శాశ్వతంగా, విశ్వమంతటా, ఇకముందు కనిపెట్టబోయే మాధ్యమాలతో సహా' వాడుకుంటారట. మన 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ మరీ చాదస్తంగా, హక్కులు రాసివ్వాలంటే కాగితం ఉండాలి, సంతకం ఉండాలి, పారితోషికం ఎంతో చెప్పాలి అంటుంది. ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లే, ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకే అంటుంది. తమరు చంద్రమండలం దాకా హక్కులు అడిగారు గానీ పారితోషికానికి గడి పెట్టడం మరిచారు. పైగా షరతులన్నీ ఇంగ్లీషులోనే. వ్యక్తిగత సమాచారం తీసుకునేటప్పుడు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం 8వ షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలుండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఆ 22లో తెలుగు ఉందండీ, చూసుకోండి.

తమ వైపు బాధ నాకు తెలియనిది కాదు. తలుపు బార్లా తెరిచి పెడితే కథల కంటే ముందు కేసినో ప్రకటనలు, బట్టతల మందులు, తక్షణ రుణాలు వచ్చి పడతాయి. అందుకే మనుషులకు కనబడని గడి ఒకటి తమ లోపల దాస్తారట, దాన్ని నింపినవాడు బాట్, అంటే మనిషి కాదు యంత్రం, అని తేల్చేస్తారట. ఉపాయం మంచిదే. అయితే నా తరఫున పేరూ చిరునామా తనే నింపేసే బ్రౌజర్ అత్యుత్సాహంతో ఆ గడి కూడా నింపిందనుకోండి, నేను బాట్‌నైపోయినట్టే. అప్పుడు కొందరు తమ సోదరులు తప్పు చూపించరు సరికదా 'ధన్యవాదాలు, మీ రచన అందింది' అని చిరునవ్వు నవ్వి, దాన్ని చెత్తబుట్టలో వేస్తారు. ఇంత మర్యాదగా అబద్ధమాడటం మా ఊరి పెద్దమనుషులకు కూడా చేతకాదు.

నా కథ ఏ దారిన పోయిందో నాకు తెలియదు. 'పెండింగ్ రివ్యూ' అన్నారు. ఎవరి దగ్గర, ఎప్పటిదాకా అన్నది లేదు. వచ్చిన మెయిల్‌కు జవాబిద్దామంటే దాని చిరునామాయే 'నో రిప్లై'. వెనకటి ఎడిటర్లు 'ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం' అని అచ్చు చీటీ పెట్టి, మన స్టాంపులతోనే మన కథను మన ఇంటికి తోలేవారు. తిట్టుకుంటూనే విప్పేవాళ్లం. ఆ సాయంత్రానికే ఇంకో పత్రిక చిరునామా రాసేవాళ్లం. ఇప్పుడు 'వేరెక్కడా పరిశీలనలో లేదు' అని తమ దగ్గర టిక్కు పెట్టి వచ్చాను కాబట్టి ఇంకొకరికి పంపలేను, తమరు చెప్పరు.

అందుచేత నా విన్నపం ఒక్కటే. తమ సెట్టింగుల్లో ఎక్కడో 'తిరస్కరిస్తే రచయితకు తెలియజేయి' అని ఒక టిక్కు ఉంటుంది. కొన్ని ఫారమ్‌లకు ఆ వసతి ఉంది, పెట్టేవాళ్లే లేరు. అది పెట్టించండి. వీలైతే పక్కన 'ఎన్నాళ్లలో' అని ఒక గడి లాగి వదలమనండి, దానికి ఎర్ర నక్షత్రం కూడా తగిలించమనండి. కథ బాగాలేదంటే బాగాలేదనే అనండి, ఏమీ అనుకోను. పక్క ఫారమ్ గారు కూడా ఇదే కథ కోసం గడులు తెరుచుకుని కూర్చున్నారు, ఆయన అప్పుడే నా బ్లడ్ గ్రూప్ దాకా వచ్చారు.

ఇట్లు,
తమ పెండింగ్ జాబితాలో ఉన్న
ఒక రచయిత