మహారాజశ్రీ సీటైమ్ గారికి

మాదాపూర్‌లో సర్వర్లు కాసుకునేవాళ్లం, లినక్స్‌లో ప్రతి ఫైలుకీ ఫోల్డరుకీ సిస్టమ్ రాసిపెట్టే తేదీల్లో ఒకరైన తమరికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమమే, నిన్నటి మధ్యాహ్నం తప్ప. ఆడిట్ వాళ్లు ఒకే ఒక్క ముక్క అడిగారు: ఈ ఫోల్డరు ఏ రోజు చేశారు? తమరి పేరులో 'సీ' ఉంది కదా, క్రియేషనే అయ్యుంటుందని, తమరిని చూపించే కమాండు ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌డీసీ కొట్టాం. ఏళ్లనాటి డైరెక్టరీలన్నీ, అంటే ఫోల్డర్లన్నీ, నిన్న పొద్దున పదకొండింటికే పుట్టాయని తమరు సెలవిచ్చారు. ఆ టైముకి ఎవరో సీహెచ్‌ఓన్ మైనస్ క్యాపిటల్ ఆర్ కొట్టి అన్నిటి ఓనర్నీ మార్చారట. ఓనరు మారినా, పర్మిషన్లు మారినా, హార్డ్ లింకు (అదే ఫైలుకి ఇంకో పేరు) పెరిగినా, లోపల అక్షరం మారినా ఐనోడ్ (ఫైలు వివరాల రికార్డు) కదులుతుంది, వెంటనే తమరూ కదులుతారు. సీ అంటే ఛేంజ్. అమీర్‌పేట జిరాక్స్ నోట్సుల్లో మాత్రం తమరు ఇప్పటికీ క్రియేషనే.

తమరి తమ్ముడు, లోపలిది మారిన వేళ చెప్పే ఎంటైమ్ గారిదీ అదే వరస. డైరెక్టరీ అంటే అపార్ట్‌మెంటు గేటు దగ్గరి పేర్ల బోర్డు. పేరు ఎక్కినా, దిగినా, మారినా తేదీ మారుతుంది. పాత లాగ్ ఫైలు లోపల పది జీబీ ఊరినా బోర్డుకి పట్టదు. సబ్‌ఫోల్డరులో ఏం జరిగినా అంతే, దాని బోర్డు వేరు. అదే విమ్ ఎడిటర్‌తో ఒక ఫైలు ఊరికే తెరిచి చూస్తే చాలు, పక్కన తాత్కాలికంగా స్వాప్ ఫైలు పుట్టి తేదీ మారిపోతుంది. చివరిసారి చదివిన వేళ చెప్పే ఏటైమ్ గారైతే రెల్‌ఏటైమ్ అనే సెట్టింగ్ ధర్మమా అని రోజుకోసారి లేస్తే గొప్ప.

పుట్టిన తేదీ అసలు లేకపోతే సర్దుకుపోయేవాళ్లం. ఉంది! ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఐనోడ్ 256 బైట్లుంటే దానికి చోటుంది, డిస్కు మీద రాసే ఉంటుంది. చాలా ఏళ్లు అడగడానికే దారి లేదు. రూట్ (అడ్మిన్) అయి డీబగ్‌ఎఫ్ఎస్ అనే టూల్‌తో తవ్వుకోవాల్సి వచ్చేది. 2017లో కెర్నల్ 4.11తో ఆ తేదీ అడిగే సిస్టమ్ కాల్ స్టాట్‌ఎక్స్ వచ్చింది. 2019లో మామూలు కమాండ్ల ప్యాకేజీ కోర్‌యుటిల్స్ 8.31 వచ్చాక గానీ స్టాట్ కమాండు 'బర్త్' పక్కన గీత మానేసి తేదీ చూపించలేదు. సరే, నిన్న అదీ చూశాం. వచ్చింది సర్వరు మార్చిన రోజు! ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ మైనస్ ఏ ఎంటైమ్‌ని పువ్వుల్లో పెట్టి తెస్తుంది, బర్త్‌ని పాత డిస్కులోనే వదిలేస్తుంది. పైగా సర్వరు యూటీసీలో ఉంది, మన టైము రావాలంటే ఐదున్నర గంటలు వేళ్ల మీద కలుపుకోవాలి.

ఏంది సార్ ఇది? పుట్టిన తేదీ చెప్పనోనివి ఆ 'సీ' ఎందుకు పెట్టుకున్నవ్? ఎంతమంది మోసపోయిన్రో ఎర్కేనా? ఛేంజ్ అంటున్నవ్, ఎంటైమ్ మాడిఫై అంటడు. మామూలు మనిషికి ఛేంజ్‌కీ మాడిఫైకీ ఏం తేడా? ఫోల్డర్లు చేసే ఆ ఎంకేడిర్ ఒకటి! మైనస్ పీ, మైనస్ ఎం 700 (ఓనరుకి తప్ప అందరికీ తాళం) ఇచ్చి ఒకదాన్ల ఒకటి మూడు ఫోల్డర్లు చేస్తే తాళం ఆఖరి దానికే పడతది, పైన రెండూ యూమాస్క్ (డీఫాల్ట్ పర్మిషన్ల సెట్టింగ్) దయ. ఒక్క మాట చెప్పదు, సున్నా రిటర్న్ చేసి పోతది.

అయినా ఒక్కటి ఒప్పుకోవాలె. నిన్న సాయంత్రం ఒకడు తేదీలు మార్చే టచ్ మైనస్ డీతో ఆ ఫోల్డరుకి పాత తేదీ పెట్టి, గిది చూపిద్దాం అన్నడు. ఎంటైమ్ చక్కగా తల ఊపింది. నువ్వు మాత్రం టచ్ కొట్టిన సెకనుతో సహా రాసుకున్నవ్. టచ్‌కి నువ్వు లొంగవ్, నిన్ను తిప్పాలంటే రూట్ అయి సర్వరు గడియారమన్న తిప్పాలె, డిస్కన్న తవ్వాలె. ఆడిట్‌కి చివరికి పాత సపోర్ట్ టికెట్లు తవ్వి తేదీ ఇచ్చినం. ఇగ ఫోల్డరు చేసేటప్పుడే పేరు చివర డేట్ ప్లస్ పర్సెంట్ ఎఫ్ (ఆ రోజు తేదీ) తగిలిస్తున్నం.

ఇట్లు,
తమరిని క్రియేషన్ అనుకున్నవాళ్లు

తా.క.: ఉత్తరం పైన తేదీ వెయ్యలేదు. కావాలంటే స్టాట్ కొట్టి చూసుకోండి, ఏది వస్తే అది.