81 రోజులు కాపలా కాస్తే గొప్పా?

(లా చదివే అబ్బాయి, రిటైరైన హెడ్ కానిస్టేబుల్ బాబాయి. మాట 1996లో అమెరికాలోని మోంటానాలో ఫ్రీమెన్ అనే బృందాన్ని అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ చుట్టుముట్టిన ఘటన మీదకు మళ్లింది.)

అబ్బాయి: దొంగ చెక్కులు రాసి, అధికారులను బెదిరించి, మీ ప్రభుత్వం మాకు చెల్లదని తుపాకులతో పొలంలో కూర్చున్నారు. మార్చి 25న ఇద్దరు నాయకులను పట్టుకున్న ఎఫ్‌బీఐ, మిగతావాళ్ల కోసం జూన్ 13 దాకా బయటే పడిగాపులు కాసింది. దీనికి చప్పట్లా బాబాయ్?

బాబాయి: కొట్టాల్సిందేరా. చివరికి మిగిలిన 16 మందీ లొంగిపోయారు. ఒక్క తూటా పేలలేదు. మూడేళ్ల ముందు టెక్సాస్‌లోని వేకోలో ఒక మత బృందాన్ని చుట్టుముట్టిన ఇదే ఎఫ్‌బీఐ 51వ రోజున ఓపిక పట్టలేక వాళ్లున్న భవనంలోకి గ్యాస్ వదిలింది. ఆ రోజే మంటలు లేచి 70 మందికి పైగా పోయారు. పసిపిల్లలు కూడా.

అబ్బాయి: అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు.

బాబాయి: పట్టుకున్నారుగా! చాలామంది అదీ చెయ్యరు.

అబ్బాయి: మరి 1985లో ఫిలడెల్ఫియాలో? మూవ్ అనే నల్లజాతి బృందం ఉన్న ఇంటి మీద పోలీసులు హెలికాప్టర్‌లోంచి బాంబు వేశారు. 11 మంది చనిపోయారు, అందులో 5 మంది పిల్లలు. 61 ఇళ్లు బూడిదయ్యాయి. మోంటానావాళ్లు తెల్లవాళ్లు కాబట్టే ఈ ఓపిక.

బాబాయి: (కాసేపాగి) దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ కోపం ఫిలడెల్ఫియా మీద చూపించు. మోంటానాలో ఎందుకు ఆగారని అడక్కు.

అబ్బాయి: ఆగడం తప్పనట్లేదు. డ్యూటీ చేస్తే సన్మానం ఎందుకంటున్నా.

బాబాయి: ఆగడమే కష్టం కాబట్టి. ఒకసారి ఒకడు వేట తుపాకీతో గదిలో తలుపేసుకున్నాడు. గోడ పక్కన ఆరు గంటలు నిలబడ్డా. చెమటకి లాఠీ చేతిలో జారిపోతోంది. మా ఎస్సై ఏమో కిటికీ పక్కన గొంతుక్కూర్చుని, నీ గేదె ఈనిందా, పూటకెన్ని పాలిస్తోంది అని అడుగుతున్నాడు! ఆ టెన్షన్‌కి నాకైతే తలుపు తన్నేయాలనిపించింది. మోంటానాలోనూ అంతే. జైల్లో ఉన్న నాయకుడు సరేనంటేనే లొంగుతామన్నారు. వాళ్లలో ఒకణ్ణి విమానంలో ఆ నాయకుడున్న బిల్లింగ్స్ ఊరికి తీసుకెళ్లి, ఆయనతో మాట్లాడించారు.

అబ్బాయి: ముద్దాయికి విమానమా!

బాబాయి: ఆ ప్రయాణమయ్యాకే అందరూ బయటికొచ్చింది.

అబ్బాయి: మరి మీ గేదెవాడు?

బాబాయి: కిటికీలోంచి తుపాకీ అందించాడు. ముందు టీ తాగాడనుకో.